చక్రవర్తి ముక్కు

ఆదివారం చర్చిలో అందరూ నన్నే చూసి ఎందుకు నవ్వారని అడుగుతున్నారు కదా! కూర్చోండి, ఆ లఫెయె టీ చల్లారకముందే చెప్పేస్తాను. ఒక చక్రవర్తి పరువూ నా పరువూ ఒకేసారి పోయాయి.

మా మావయ్యకి పాత నాణేలంటే ప్రాణం. ఓడలో పనిచేసే స్నేహితుడు తెచ్చిచ్చిన రోమన్ కంచు నాణెం ఒకటుంది, చొక్కా గుండీ కంటే కాస్త పెద్దది. ఒకవైపు కాన్‌స్టంటైన్ చక్రవర్తి మొహం, వెనక జెండాలతో సిపాయిలు. క్రైస్తవుల్ని ఆదరించిన రాజు కదా, ఆదివారం ఆరాధన అయ్యాక అది చూపించి నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు పాస్టరుగారు. మావయ్య జన్మలో మైకు పట్టుకోలేదు! వారం నుంచి అద్దం ముందు ప్రాక్టీసే ప్రాక్టీసు. శనివారం కొత్త చొక్కా కొనుక్కోడానికి పబేడాన్ బజారుకి వెళ్తూ, జేబులో ఉంటే పోతుందని నాణెం నా చేతికిచ్చాడు. "జాగర్తమ్మా, రేపు నా పరువంతా దీన్లోనే ఉన్నాది."

సరిగ్గా ఆ రోజే చర్చి ఇత్తడి కానుక పళ్ళాలు తోమే వంతు నాది. చింతపండు నానబెట్టాను, ఉప్పు కలిపాను, కొబ్బరి పీచు తీశాను. పళ్ళాలు తళతళ! పక్కనే రాజుగారు, మొహమంతా పచ్చగా, పాచి పట్టినట్టు. ఛీ, ఈ మురికి మొహంతో చర్చికా? మావయ్యకి సర్‌ప్రైజ్ ఇద్దామని నాణేన్నీ తోమడం మొదలుపెట్టాను. ఇంతలో కరెంటు పోయింది. మన రంగూన్‌లో అదేమన్నా వింతా? వంటింటి చీకట్లోనే ఇంకా గట్టిగా తోమాను.

కరెంటు వచ్చింది. అమలే! నాణెం బంగారంలా మెరుస్తోంది, రాజు మాత్రం లేడు! ముక్కు పోయింది, కన్ను పోయింది, కిరీటం పోయింది. ఒక్క చెవి మిగిలింది.

అప్పుడే చొక్కా పొట్లంతో మావయ్య దిగాడు.

"ఏటే ఇది?"

"మురికిగా ఉన్నాదని కడిగినాను మావయ్యా..."

"అది మురికి కాదే తల్లీ! రాజు మొహమంతా ఆ పచ్చటి పొరమీదే ఉన్నాది!" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఏడుపొచ్చేసింది, నిజంగా.

అయినా ఆదివారం మైకు పట్టుకున్నాడు, మహానుభావుడు! ఆ ఒక్క చెవినే చూపించి చరిత్రంతా చెప్పాడు. ముందు బెంచీలోంచి పాస్టరమ్మ అడిగింది, "ఈ రాజుని ఆకరికి ఎవుళు ఓడించినారు బాబూ?"

మావయ్య మెల్లగా నావైపు చూశాడు. "యుద్దాల్లో ఎవుళివల్లా అవనేదమ్మా."

అందరి మెడలూ నావైపు తిరిగాయి. ఇంకేం చేస్తాను? లేచి నిలబడ్డాను.

"నేనేనండీ... నిమ్మకాయంత చింతపండుతో!"