పీనుగు లేని దరువు

తిరుమలగిరి మారయ్య డప్పు మోగనిదే ఆ చుట్టుపక్కల ఎవరి పాడె లేచేది కాదు. అలాంటిది కరోనా రెండో ఏడు భార్య నర్సింగమ్మ దవాఖానలో పోతే ఆయన్ను దగ్గరికి రానివ్వలేదు. ముఖమైనా చూపలేదు. సంచిలో చుట్టి, ఎవరో వ్యానులో తీసుకుపోయి పూడ్చేశారు. ఊరందరినీ సాగనంపినవాడు ఆమె కోసం ఒక్క దెబ్బ కొట్టలేకపోయాడు. ఆ తర్వాత పెళ్లిళ్లకు, బోనాలకు వాయించాడు గాని చావుకు ఎవరు పిలిచినా పోలేదు.

వచ్చే ఆదివారం నల్లగొండలో డప్పుల పండుగ. జరిపించే విజేందర్ మారయ్యను పిలిపించాడు. నాలుగు రోజుల కింద మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో సాధన జరుగుతుంటే దగ్గరికొచ్చాడు.

"మారన్నా, అన్ని దరువులు ఇనిపియ్యాలె. సావు దరువు గూడ."

"పీనుగు లేకుంట అది కొట్టరాదు సారూ."

"జరంత కొట్టి సూపియ్యే. గీ కాలం పోరగాండ్లకు తెల్వాలె గద."

కాదనలేక మారయ్య డప్పు తగిలించుకుని పుల్ల ఎత్తాడు. దరువు అందుకోగానే కాళ్లు కదిలాయి. ఆపుదామనుకున్నాడు, చేతులు వినలేదు. హాలు దాటి రోడ్డెక్కాడు. మండుటెండలో బజారు సద్దుమణిగింది. దుకాణాల షట్టర్లు సగానికి దిగాయి. చెప్పులు విడిచి దండం పెడుతున్నవాళ్లు ఆయన్ను చూడడం లేదు. ఆయన వెనుక దేన్నో చూస్తున్నారు. వెనుక అడుగుల చప్పుడు, బరువు మోసేవాళ్ల అడుగులు. పేలాలు వచ్చి మెడ మీద పడ్డాయి. పాడె ముందు డప్పు కొట్టేవాడు వెనక్కి చూడకూడదు. చూడలేదు.

ఊరి చివర కాళ్లు వాటంతట అవే ఆగాయి, శవాన్ని దించి చెవిలో పేరు పెట్టి పిలిచే చోట ఆగినట్టు. వెనుక అడుగులూ ఆగాయి. ఏదో మెత్తగా నేలకు ఆనింది. పిలవవలసింది తనేనని మారయ్యకు అర్థమైంది.

"నర్సింగమ్మా," అన్నాడు. "ఓ నర్సింగమ్మా..."

చెవి పక్కన చల్లటి ఊపిరి తగిలింది.

"ఎంత జాగు జేస్తివయ్యా. ఇగ పోతున్న."

చేతులు ఆగాయి. పుల్ల జారిపోయింది. తిరిగి చూస్తే ఖాళీ రోడ్డు మీద విజేందర్ ఒక్కడే ఒగరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు.

"ఎవ్వరిదే గా పాడె? మన హాల్లకెల్లి ఎట్ల లేసింది?"

"మా ఆమెది," అని మారయ్య అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాడు. ఇన్నేళ్లూ రాని ఏడుపు.

విజేందర్ మళ్లీ ఆ దరువు ఊసెత్తలేదు. మారయ్య రోజూ సాధనకు వస్తున్నాడు. పెళ్లి దరువు వాయిస్తే కుర్రాళ్లు ఈలలేస్తున్నారు. దుకాణాలవాళ్లు మాత్రం ఆయన డప్పు భుజాన వేసుకుని వస్తుంటే బయటికొచ్చి, ముందు ఆయన వెనుక ఎవరైనా ఉన్నారేమో చూస్తున్నారు.