బావగారు మోసిన కంకర

పిల్లలయ్యాయండీ! నాలుగు గుడ్లకీ నాలుగు పిల్లలు! మనవలనుకునేరు, తీతువు పిట్ట పిల్లలు. ఈ మాట అందరికన్నా ముందు వినవలసిన మా వియ్యంకుడు గారు పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు.

తాడేపల్లిగూడెం దగ్గర యుద్ధకాలంలో మిలటరీ విమానాలు దిగడానికి వేసిన పాత బాట ఉంది. దాన్నిండా సర్కారు తుమ్మ కమ్ముకుపోయింది. ఆయన చిన్నతనంలో అక్కడ తీతువులు గుడ్లు పెట్టేవట. వాటిని మళ్ళీ రప్పించాలని, రైల్వేలో రిటైరయ్యాక అనుమతి తెచ్చుకుని ఒక పక్కనుంచి తుమ్మ కొట్టడం మొదలుపెట్టారు. భీమడోలు నుంచి రైలెక్కి వెళ్ళి నేనూ కొమ్మలు లాగేవాణ్ణి. ఇద్దరికీ ఒకటే ఫ్లాస్కు. మూతలో టీ తను పోసుకుని, గ్లాసు నాకిచ్చేవారు.

మూడో ఏడు తీతువులు వచ్చాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవాలి. వాటిని చూడటానికి ఆఫీసరు గారొకరు వస్తున్నారని తెలిసి, బావగారికి చెప్పకుండా ఇద్దరు ఆడవాళ్ళని పెట్టి ఆ చోటంతా ఊడిపించాను. కళ్ళాపి చల్లించి ముగ్గు కూడా వేయించాను. చుట్టాలొస్తుంటే ఇంటి ముందు చేసేదే కదా అనుకున్నాను. తీతువు గూడు కట్టదని, కంకరలోనే కంకర లాంటి గుడ్లు పెడుతుందని నాకేం తెలుసు? గంపలకెత్తిన రాళ్ళలో పెంకులు కనిపించాయి.

ఆయన వంగి ఒక పెంకు ఏరి అరచేతిలో పెట్టుకున్నారు. "ముగ్గు బాగుంది బావగారూ," అన్నారు. "మన చుట్టాలకే చీపురు పడదండీ."

అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆ కంకరే కండువాలో మూటగట్టి తెచ్చి, దోసిళ్ళతో తిరిగి పరిచారు. రెండేళ్ళు పిట్ట రాలేదు. ఆ రెండేళ్ళూ నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

ఈ వేసవిలో నాలుగు గుడ్లు కనిపించాయి. అప్పటికి ఆయన ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారు. ఆయాసపడుతూ వెళ్ళి చెబితే నవ్వారు. "గుడ్లకే సంబరపడకండి. పిల్లలయ్యాక వచ్చి చెప్పండి," అన్నారు.

ఆయన పోయాక రోజూ ఒక్కణ్ణే వెళ్ళి దూరంగా కూర్చుంటున్నాను. ఫ్లాస్కులో టీ సగం మిగిలిపోతోంది. నిన్న పొద్దున కంకర కదిలింది. ఆగితే రాళ్ళు, నడిస్తే పిల్లలు! బావగారూ అంటూ పక్కకు తిరిగాను. ఎవరూ లేరు.

ఇంక అందరికీ చెప్పాలి. అత్తిలిలో మా అమ్మాయికీ అల్లుడికీ. రాళ్ళు మోసే పిచ్చేమిటన్న ఆయన తమ్ముడికి, కలిదిండిలో. తీతువు కూస్తే కీడని తలుపులు మూసుకునే మా చెల్లెలికి. చివరికి ఆయన భార్య, మా అక్కయ్య గారికి. ఆవిడకు ఫోనులో చెప్పను, వెళ్తాను. కంకర దుమ్ము పట్టిన ఆ కండువా ఇంకా ఉతకలేదట, దండెం మీదే ఉందట.