పోయిందేటి?

మా నాన్నకి పేగు మెలికపడితే చోడవరంలో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత డాక్టరుగారు మాకు ఒకటే పని అప్పజెప్పారు: గ్యాస్ ఎప్పుడు పోతుందో చూసి చెప్పాలి. పేగు మళ్ళీ పనిలో పడిందనడానికి అదే రుజువట. అప్పటిదాకా చుక్క నీళ్ళు కూడా పట్టొద్దన్నారు. లేపి నాలుగడుగులు నడిపిస్తే మంచిదన్నారు.

సరే, నడిపించాం. ఒక చేత్తో నన్నూ, ఇంకో చేత్తో సెలైన్ స్టాండునీ పట్టుకుని నాన్న వరండా అంతా ఊరేగాడు. దేవరాపల్లి నుంచి చూడ్డానికొచ్చిన మావయ్య గుమ్మంలోంచే "బావా, పోయిందేటి?" అని అరిచాడు. పక్క మంచం ఆవిడ మా ఇంట్లో ఎవరో ముసలావిడ పోయిందనుకుని "అయ్యో, ఎప్పుడండీ?" అంది.

నాన్న తెలుగు మాస్టారు. వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాపరికం పనికిరాదని ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మనిషే. ఖర్మ కొద్దీ, అక్కడి నర్సు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. గంటకోసారి వచ్చి "మాస్టారూ, గ్యాస్ పోయిందేటండీ?" అని అడిగేది. ఆయన గోడకేసి చూస్తూ "లేదమ్మా" అనేవాడు.

రెండు రోజులు గడిచాయి. నాలుక పిడచకట్టుకుపోయింది. పెదాలకి తడిగుడ్డ అద్దుతుంటే ఆ గుడ్డనే చప్పరించబోయాడు. నాకు నిజంగా భయం పట్టుకుంది.

మూడోరోజు పొద్దున్న డాక్టరుగారు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. "లోపల చప్పుళ్ళు బాగానే ఉన్నాయే! గ్యాస్ పోలేదా?"

"లేదండీ" అన్నాడు నాన్న.

"అయితే ముక్కులోంచి గొట్టం వేసి విశాఖ పంపుదాం. అక్కడ స్కానింగ్ తీయించాలి."

స్టూలు మీద కూచున్న అమ్మ లేచింది. నలభై ఏళ్ళ కాపురంలో నలుగురి ముందు ఆయనకి ఎదురు చెప్పిన మనిషి కాదు.

"ఏటి లేదు? నిన్న మజ్జాన్నం మూడుసార్లు, ఇయాల పొద్దున్న రెండుసార్లు ఎల్లింది బాబూ! సెప్తే తన మీద ఒట్టే అని నా నోరు కట్టేసేడు. ఆ నర్సు గుంట నా స్టూడెంటు, పరువు పోద్దంటాడు. పరువు పోతే పోనీ, మనిషి పోకూడదు కదా!"

వార్డంతా గొల్లుమంది. నాన్న దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. నర్సు మాత్రం నవ్వు బిగబట్టి, బుద్ధిగా కేస్ షీట్‌లో రాసుకుంది. ఆస్పత్రిలో రోగి పక్కన ఉండాల్సింది ధైర్యం చెప్పే మనిషి కాదు, నిజం చెప్పే మనిషి అని నాకు ఆరోజు తెలిసింది.

డాక్టరుగారు మళ్ళీ పొట్ట నొక్కి చూసి, గొట్టం మాట మానేసి, చెంచాతో నీళ్ళు పట్టమన్నారు. అమ్మ పట్టింది. కంగారులో సగం నీళ్ళు గడ్డం మీదే ఒలికాయి.

"ఒట్టు తప్పేను. మీకేటీ కాదు కదా?" అంది, ఏడుపు ఆపుకుంటూ.

నాన్న అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టవే. ఇంకో చెంచా పొయ్యి."