పిన్ని దిద్దిన వంటల పుస్తకం

నాకు వంటంటే పెద్ద ఇష్టం లేదు. అందులోనూ చేపలు, రొయ్యలు, పీతలు, నీళ్ళలో బతికే ప్రాణి ఏదైనా సరే, చూస్తేనే చిన్నప్పటినుంచీ కడుపులో దేవేస్తుంది. కొల్లేటి పక్క పల్లెలో పుట్టినదానికి ఇది సామాన్యమైన కష్టం కాదు. ఇంటిల్లిపాదీ పులుసు జుర్రుకుంటుంటే నేను వీధి అరుగు మీద కూర్చుని పెరుగన్నం తినేదాన్ని. అలాంటి నన్నే మా కుటుంబం వంటలన్నీ పుస్తకంగా రాయమంది మా పిన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను ఏలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, తాడేపల్లిగూడెంలో ఉండేది. బాబాయి ధాన్యం వ్యాపారం నిలదొక్కుకున్నాక మేడ కట్టారు. చర్చిలో ముందు వరుసలో కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ళ అమ్మాయికి హైదరాబాదు సంబంధం కుదిరింది.

"పెళ్ళికొచ్చినవాళ్ళకి అందరూ ఇచ్చే స్టీలు గిన్నెలు మనమెందుకే? అమ్మ చేతి వంటలన్నీ చిన్న పుస్తకంగా వేయించి ఇద్దాం. తెలుగు టీచరువి, నీ రాత ముత్యాల్లా ఉంటుంది. అమ్మ చెప్తుంది, నువ్వు రాయి" అంది పిన్ని ఫోనులో.

"నాకు చేప వాసన పడదు కదా పిన్నీ."

"తినమన్నానా? రాయమన్నాను."

మా అమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆవిడే ఉంటే ఈ పని తనే చేసేది. ఆ మాట గుర్తొచ్చి సరేనన్నాను.

మా అమ్మమ్మ భీమడోలు దిగి కొల్లేటి వైపు వెళ్ళే దారిలో ఒక పల్లెలో, మావయ్య కుటుంబంతో ఉండేది. చూపు మందగించినా పొయ్యి దగ్గర పెత్తనం కోడలికి ఇవ్వలేదు. ఆదివారం ఆరాధన అవగానే నేను ఏలూరులో పాసింజరు ఎక్కి, భీమడోలులో దిగి, షేరు ఆటోలో వెళ్ళేదాన్ని.

మొదటి ఆదివారమే అమ్మమ్మ పీట వాల్చుకుని కూర్చుని, "ముందు నత్తలు రాసుకోవే" అంది.

"చేపల పులుసుతో మొదలెడదాం అమ్మమ్మా."

"చేపల పులుసు ఎవరైనా పెడతారు. నత్తలతోనే మీ అమ్మనీ పిన్నినీ మావయ్యనీ పెంచాను. ముందు అదే రాయి."

మా తాతయ్య చిన్న వయసులోనే పోయాడు. అమ్మమ్మ ఊడ్పులకీ కలుపులకీ వెళ్ళేది. పని లేని రోజుల్లో పంటకాలువలో దిగి నత్తలు ఏరుకొచ్చేది. ఇదంతా నాకు తెలుసు. కానీ తెలియడం వేరు, ఎదురుగా కూర్చుని చూడడం వేరు.

ముందు రోజే తెచ్చిన నత్తలు కుండలో నీళ్ళలో ఉన్నాయి. అవి కక్కిన బురదంతా నీళ్ళమీద నురగలా తేలింది. కొన్ని కుండ అంచుదాకా పాకి, మెత్తటి నాలుకలు బయటపెట్టి నెమ్మదిగా కదులుతున్నాయి. అమ్మమ్మ వాటిని వేళ్ళతో లోపలికి తోసి, నీళ్ళు వంపి, మరుగుతున్న నీళ్ళలో పోసింది. అప్పుడు లేచిన ఆవిరి వాసన ఎలా చెప్పను? నాచు, తడి మట్టి, ఎక్కడో చచ్చిన చేప, అన్నీ కలిపి ఉడికించినట్టుంది. తర్వాత పిన్నీసు గుచ్చి ఒక్కోదాన్నీ గుల్లలోంచి లాగింది. చివర నల్లగా వేలాడే పేగుని గోటితో తుంచి పక్కన పడేసింది. వేళ్ళనిండా చీమిడిలా జిగురు సాగుతోంది. ఆ చేత్తోనే నా కాగితం వైపు చూపించి, "బూడిదేసి రుద్దాలి, ఉప్పేసి రుద్దాలి, పసుపేసి కడగాలి, రాశావా?" అంది.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తాను. పొద్దున తిన్న ఇడ్లీ అంతా బయటికొచ్చింది. మొహం కడుక్కుని వస్తే అమ్మమ్మ నవ్వుతూ అదే పీట మీద కూర్చునుంది.

"అయిందా? అయితే ఇప్పుడు చింతచిగురు ఎప్పుడెయ్యాలో రాసుకో."

రాసుకున్నాను. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు రాసుకున్నాను. ఎండు జెల్లల పులుసు, గోంగూరలో ఎండురొయ్య, చేపతలల ఇగురు, వరదనీళ్ళు ఇంట్లోకొచ్చిన రోజుల్లో గంజిలో పచ్చిమిరపకాయ నలిపి తాగడం. ప్రతిదానికీ నాకు ఒళ్ళు జలదరించేది. స్కూల్లో నా చీరకి ఎండుచేప వాసన వస్తోందేమోనని సోమవారమంతా కుర్చీలో ముడుచుకుని కూర్చునేదాన్ని.

అయితే ఒక ఆదివారం దారిలో చూసింది మాత్రం వీటన్నిటినీ మించిపోయింది. మా ఆటో ముందు ఒక వ్యాను పోతోంది. దానినిండా మూతల్లేని పీపాలు. గతుకు వచ్చినప్పుడల్లా వాటిలోంచి కోడిపేగులు, ఈకలు, ఎర్రటి నీళ్ళు రోడ్డు మీద పడుతున్నాయి. ఈగలు మబ్బులా వెంటపడుతున్నాయి. ఒకప్పుడు కొల్లేరు నీళ్ళు నిలిచిన చోట చేపల చెరువులు తవ్వేశారు, అందులో కొన్నిట్లో పెంచే చేపలకి అదే మేత. ఆటోవాడు మొహానికి తువ్వాలు చుట్టుకున్నాడు. అమ్మమ్మకి చెప్తే ఆవిడ మొహం అసహ్యంతో ముడుచుకుపోయింది. ఏ కూరనైనా చేత్తో కలిపి వాసన చూసే మనిషి అలా మొహం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"అందుకే ఆ చెరువు చేప నా గుమ్మంలోకి రానివ్వను. ఆ కూర ముద్ద నోట్లో పెట్టుకుంటే మురుక్కాలవలో చెయ్యి పెట్టినట్టుంటది. మీ మావయ్య తెస్తే గిన్నెతో సహా బయట పారబోయించాను."

పుస్తకం పూర్తయ్యాక కాగితాలన్నీ తాడేపల్లిగూడెం తీసుకెళ్ళి పిన్నికిచ్చాను. "ఒకసారి చూసి, ఏలూరులోనే టైపు చేయిస్తాలే" అంది. కొన్నాళ్ళకి డీటీపీ షాపాయన ఫోను చేసి, ప్రూఫు చూసి వెళ్ళమన్నాడు. ఆయన మా నాన్న వయసున్న ముస్లిం పెద్దమనిషి, మా స్కూలు ప్రశ్నపత్రాలు ఆయన దగ్గరే టైపు చేయించేవాళ్ళం.

కాగితాలు తిరగేశాను. నత్తలు లేవు. ఎండుచేపలు లేవు. గంజి లేదు. వాటి చోట జీడిపప్పు కోడివేపుడు, ఫిష్ మంచూరియా, కస్టర్డు వేసిన పళ్ళ ముక్కలు. మంచూరియాలో "చిటికెడు టేస్టింగ్ సాల్టు" అని కూడా ఉంది. పైన "అమ్మమ్మ ప్రత్యేకం" అని పువ్వుల అంచు. ముందుమాటలో మా అమ్మమ్మ నెయ్యి గిన్నెల మధ్య పెరిగిందట, వాళ్ళింట రోజూ పదిమంది అతిథులు భోంచేసేవారట.

"అట్ట కూడా చూడండమ్మా" అంటూ ఆయన కంప్యూటరు నా వైపు తిప్పాడు.

మొహం మా అమ్మమ్మదే. చర్చి పండగనాడు తీసిన ఫొటోలోది. కానీ మెడ కింద ఎవరో లావుపాటి ఆవిడ ఒళ్ళు. మెరూన్ పట్టుచీర, కాసులపేరు, చేతులనిండా గాజులు. ముడతలు పడ్డ మొహం ఆ తెల్లటి మెడ మీద అతికించినట్టు తెలిసిపోతోంది. నాకు నత్తల కుండ దగ్గర వచ్చిన వికారమే మళ్ళీ వచ్చింది. అప్పుడు పెరట్లోకి పరిగెత్తి కక్కుకుంటే పోయింది. ఇది గొంతులోనే ఉండిపోయింది.

"ఇదేంటండీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "గూడెం అమ్మగారే అలా చెయ్యమన్నారండి. పెద్దావిడ కదా, నాకూ మనసొప్పలేదు. రెండుసార్లు అడిగానండి."

ఆ సాయంత్రమే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. పిన్ని పెళ్ళి చీరలు సర్దుతోంది.

"నత్తలెందుకు తీసేశావు పిన్నీ?"

"కాలవల్లో నత్తలు ఏరుకుతిన్నామని అచ్చేయించి మరీ వియ్యాలవారి చేతిలో పెట్టమంటావా?"

"నిజమేగా తిన్నది?"

పిన్ని చీర మడత వదిలేసి నా వైపు తిరిగింది. "నువ్వు తిన్నావా? నువ్వు ముక్కు మూసుకుని పెరుగన్నం తిన్నావు. తిన్నది నేను. స్కూల్లో నా దగ్గర వాసనొస్తుందని పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు, తెలుసా నీకు?"

నాకు తెలియదు. ఒక్క క్షణం ఆవిడ మీద జాలి కలిగింది. "సరే, నత్తలు వద్దు. మరి అమ్మమ్మ ఒంటిమీద చీర ఎందుకు మార్చావు?"

"బావుంది కదే? అమ్మకి ఎప్పుడైనా పట్టుచీర కట్టే రాత ఉందా? ఇలాగైనా కట్టించాను" అంది. ఎంత ప్రేమగా అందో! ఎన్నడూ ఒక్క పట్టుచీర కొనిపెట్టని మనిషి, వేరే ఆడదాని ఒంటి మీద తల్లి తల పెట్టి మురిసిపోతోంది. అక్కడ నా జాలి కాస్తా చచ్చిపోయింది. కాఫీ కూడా ముట్టకుండా వచ్చేశాను.

పెళ్ళి ఫంక్షన్ హాల్లో జరిగింది. భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ పుస్తకం ఇచ్చారు. అమ్మమ్మని నా పక్కన కూర్చోబెట్టారు. ఆవిడ అట్టని కళ్ళదాకా తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఎవరే ఈవిడ?"

"నువ్వే అమ్మమ్మా."

"నేనా! నా తల ఎవరి మీద పెట్టారు?" అంది. తర్వాత, "నా నత్తలు ఏ పేజీలో రాశావు? చదువు" అంది.

అబద్ధం చెప్పలేకపోయాను. ఏం తీసేశారో, ఏం పెట్టారో చెప్పాను. నత్తలు తీసేశారంటే ఊరుకుంది. గంజి తీసేశారంటే ఊరుకుంది. మంచూరియా అనేసరికి ఆగమంది. సరిగ్గా అప్పుడే వడ్డించేవాడు అదే ఆకులో వేశాడు, ఎర్రరంగు చేప ముక్కలు. అమ్మమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నమలకుండానే అరచేతిలోకి ఉమ్మేసింది.

"థూ! చెరువు చేప. పేగుల కంపు. ఇది నా వంటంటారా? ఈ జిగురు కూరకి నా పేరు పెట్టారా?"

గొంతు పెద్దది ఆవిడది. పక్క వరుసలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళు తినడం ఆపారు. పిన్ని పరుగున వచ్చి, "అమ్మా, నెమ్మది, పెద్దవాళ్ళు చూస్తున్నారు" అంది.

"చూడనీ. నేను ఎవరికీ కుళ్ళు కూడు పెట్టలేదు. నత్త పెట్టాను, కడిగి పెట్టాను" అని అమ్మమ్మ ఆకు మడిచేసి లేచింది. నేనూ లేచాను. ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుని సోడా తాగాం. మావయ్య వచ్చి ఆటో పిలిచాడు.

తర్వాత షాపాయన నా చేతిరాత కాగితాలు కవరులో పెట్టి తిరిగిచ్చాడు. నత్తల పేజీ మీద పిన్ని నీలం పెన్నుతో అడ్డంగా గీసిన గీతలు కాగితం చిరిగేంత బలంగా ఉన్నాయి. ఆ పేజీ మళ్ళీ రాశాను. మధ్యలో రెండుసార్లు లేచి మొహం కడుక్కొచ్చాను, అయినా ఒక్క మాట వదల్లేదు. జెరాక్సు తీయించి, దబ్బనంతో కుట్టి, అట్ట మీద ఏ బొమ్మా లేకుండా మావయ్య పిల్లలకి ఒక్కోటి ఇచ్చాను. అమ్మమ్మకి పూర్తిగా చదివి వినిపించాను. "పసుపు రెండోసారి కడిగేటప్పుడు" అని ఒక్కచోట దిద్దింది, అంతే. ఆ మరుసటేడు వానాకాలంలో పోయింది.

పిన్నికీ నాకూ మళ్ళీ మాటలు కలిశాయి. చావులకీ పెళ్ళిళ్ళకీ కలవక తప్పదు కదా. ఆవిడ టీవీ గదిలో ఆ అట్ట ఫొటోని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి పెట్టుకుంది. వచ్చినవాళ్ళకి "మా అమ్మగారండీ" అని చూపిస్తుంది. నేను వెళ్ళినప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుంటాను. భోంచేసి వెళ్ళవే అంటుంది ప్రతిసారీ. తినే వచ్చానంటాను.