గంగామణి అవ్వ శ్రావణం ఒక్కపొద్దు

2003లో నేను నాందేడ్‌లో ఒక చిన్న షుగర్ క్లినిక్‌లో నర్సుగా చేసేదాన్ని. డాక్టరు మరాఠీ మనిషి. వచ్చేవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉండేవాళ్లు. ఊళ్లోవాళ్లు కొందరు, దెగ్లూర్ వైపు నుంచి సర్కారు ఎస్టీ బస్సులో వచ్చి దిగేవాళ్లు కొందరు. అందరికీ మరాఠీ వచ్చు. కానీ ఏం తిన్నారో, ఎక్కడ నొస్తోందో చెప్పాల్సి వస్తే నోట్లోంచి తెలుగే వస్తుంది. అది విని డాక్టరుకు చెప్పడం నా పని.

గంగామణి అవ్వ జాకెట్లు కుట్టేది. రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. షుగర్ దిగితే తప్ప ఆపరేషన్ చేయనని కళ్ల డాక్టరు తిప్పి పంపాడు. మా దగ్గరికి వచ్చిన మొదటి రోజే తన బాధంతా వెళ్లబోసుకుంది.

"సూదిల దారం కోడలు ఎక్కియ్యాలె బిడ్డా. అది పక్కింట్ల ముచ్చట వెట్టిందంటె నేను మిషిన్ ముంగట బొమ్మ లెక్క కూసోవాలె. గిట్లయితె నా పని ఒడిసినట్టే."

మా డాక్టరు మాత్రల కన్నా ముందు కంచం సంగతి అడిగేవాడు. టైప్ టూ షుగర్ ఉన్నవాళ్లకు ఆయన లో-కార్బ్ డైట్ చెప్పేవాడు. కార్బోహైడ్రేట్లు అంటే పిండి పదార్థాలు, ఒంట్లోకి పోయాక చక్కెరగా మారేవి. వాటిని తగ్గించి తినడమన్నమాట. మావైపు జనానికి అన్నం మానడం పెద్ద కష్టం కాదు. కానీ జొన్నరొట్టె షుగర్‌కు మంచిదని ఎవరో చెబితే చాలు, పూటకు నాలుగు లాగించేస్తారు. అదీ పిండేనని తట్టదు. అవ్వకు పూటకు చిన్న రొట్టె ఒకటే పెట్టాం. మిగతా కంచమంతా ఆకుకూర, గుడ్డు, కాస్త పప్పు, మజ్జిగ. ఆమె మొండిఘటం. ఆ మొండితనమే ఆమెకు అక్కరకొచ్చింది. ఫాస్టింగ్ షుగర్, అంటే పరగడుపున చేసే పరీక్ష, మెల్లగా దారికొచ్చింది. పిండి తగ్గించి పాత మోతాదు మాత్రలే వేసుకుంటే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. అందుకని డాక్టరు మాత్రలు కూడా తగ్గించాడు.

అంతలో శ్రావణం వచ్చింది. షుగర్ మళ్లీ ఎక్కి కూర్చుంది. ఖాయమైన ఆపరేషన్ వాయిదా పడింది.

"కాకూ, గోళ్యా ఘేతా నా?" అన్నాడు డాక్టరు, పిన్నీ, మాత్రలు వేసుకుంటున్నారు కదా అని. అవ్వకు ఒళ్లు మండింది. గిర్రున నా వైపు తిరిగింది.

"ఒక్క గోలి తప్పలే. అన్నం మొఖం సూడలే. శ్రావణమంత ఒక్కపొద్దున్న. పొద్దుమూకినంక ఇంత రొట్టె, ఇంత కూర. పగటీలి ఏం తింటలేను."

ఒక్కపొద్దు ఉన్న మనిషికి షుగర్ పెరగడమేమిటో నాకు అంతుబట్టలేదు. ఏదో దాస్తోందని లోపల కోపం కూడా వచ్చింది. సరే, పీపీ చూద్దామన్నాడు డాక్టరు. అది తిన్న రెండు గంటలకు చేసే పరీక్ష. ఉపవాసమైనా సరే, ఏదో ఒకటి తిని కూర్చోమన్నాను. అవ్వ బెంచీ మీద సర్దుకుని స్టీలు డబ్బా మూత తీసింది. నిండా సాబుదానా ఖిచిడీ, నేతిలో నిగనిగలాడుతూ, మధ్యమధ్యలో ఆలుగడ్డ ముక్కలు. పక్కన రెండు అరటిపండ్లు.

"ఇదేందవ్వా?"

"ఒక్కపొద్దుది. నువ్వు గూడ ఇంత తిను."

"పగటీలి ఏం తింటలేనంటివి గద."

"ఇది తిండా బిడ్డా? తిండే అయితె దేవుడు ఒప్పుకుంటడా?"

నాకు నవ్వాగలేదు. సగ్గుబియ్యమంటే పిండి తప్ప మరోటి కాదు, అందులో ఆలుగడ్డ, పైన అరటిపండు. కానీ మరాఠీ ఇళ్ల పక్కన బతికి బతికి మా ఇళ్లలోనూ అదే అలవాటైంది. ఉపవాసానికి తినేది ఎవరూ తిండి కింద లెక్కేయరు. అవ్వ దాచిందేమీ లేదు.

ఇవి మానెయ్యాలని చెప్పేసరికి ఆమె మొహం వాడిపోయింది.

"కండ్ల కోసమే మొక్కిన బిడ్డా. ఆపరేషన్ మంచిగ కావాల్నని. నడుమల ఇడిస్తె ఎట్ల?"

కళ్ల కోసం పట్టిన వ్రతమే ఆమె కళ్లకు అడ్డం పడుతోంది. అయినా మొక్కు వదిలెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. డాక్టరుకు విషయం చెబితే ఆయన గడ్డం గోక్కుని, "మొక్కు మధ్యలో ఆపమంటే మా అమ్మ కూడా ఒప్పుకోదు" అన్నాడు. ఇక ముగ్గురం కూర్చుని ఉపవాసానికి చెల్లేవేమిటో తీశాం. పల్లీలు చెల్లుతాయి. పెరుగు, కీరదోసకాయ, కొబ్బరి చెల్లుతాయి. వేయించిన పల్లీల పొడితో మరాఠీవాళ్లు ఉపవాసానికి పులుసు చేస్తారు. ఖిచిడీ లేకుండా ఆ పులుసు గిన్నెలో పోసుకుని తాగడం, పెరుగులో కీర కలుపుకుని తినడం. మాత్రలు ఏ పూట ఎంత వేసుకోవాలో డాక్టరు మార్చి రాశాడు.

"గిది తాగితె ఒక్కపొద్దున్నట్టేనా?" అవ్వకు అనుమానం.

"మీ పక్కింటి మరాఠీ ఆమెను అడుగు పో."

అడిగింది. పక్కింటామె ఔనన్నాకే నా మాట నమ్మింది.

శ్రావణం పూర్తయింది, మొక్కూ తీరింది. షుగర్ దిగింది, కుడికన్ను ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అవ్వ క్లినిక్‌కు వచ్చి నా ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది.

"నీ నెత్తిల గిన్ని తెల్లెంటికలు ఉన్నయానె? నేనింకా పడుసుపోరి అనుకున్న."

ఆ రోజంతా ఎంత సంతోషంగా తిరిగానో చెప్పలేను.

డైట్ రీకాల్ అని మాకొక పద్ధతి ఉంది. నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నారో పేషెంటుతో వరుసగా చెప్పించడం. అవ్వ తర్వాత నేను అందులో ఇంకో ప్రశ్న చేర్చాను. ఏమీ తినని రోజు ఏమేం తింటారు? ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకు ఒక్కరూ నవ్వలేదు. బుద్ధిగా వేళ్లు మడుస్తూ లెక్క చెప్పడం మొదలుపెడతారు.