జానెడు దూరంలో నారింజ చుక్క

నా చిన్నప్పుడు, సింగపూర్‌లోని యూ టీలో మా పక్కింట్లో ఒక అక్క గది అద్దెకు తీసుకుని ఉండేది. రాజమండ్రి నుంచి ఫిజిక్స్ చదవడానికి వచ్చింది. ఆ జనవరిలో నాకు పదేళ్లు. స్కూల్లో కళ్లు పరీక్షించి, ఏడాదిలో రెండోసారి అద్దాలు మార్చాలన్నారు. అమ్మ ఆ సాయంత్రమంతా నా కళ్లవైపే చూసింది. నాకు చూపు పోతుందని నేను తీర్మానించేసుకున్నాను.

ఒకరోజు వాన వెలిశాక, అన్నాలకు ముందే, అక్క నన్నూ తమ్ముణ్ణీ కార్‌పార్కు పై అంతస్తుకు తీసుకెళ్లింది. సూర్యుడికన్నా కాస్త చిన్నదైన నారింజ రంగు నక్షత్రం ఒకటి మనకు దగ్గర్లో ఉందని, దాని వెలుగు మనల్ని చేరడానికి పదిన్నరేళ్లు పడుతుందని చెప్పింది. అంటే ఆ వెలుగు నేను పుట్టకముందే బయల్దేరింది. కళ్లు చీకటికి అలవాటు పడాలని, దీపాలకు వీపు పెట్టించి మమ్మల్ని పావుగంట కూర్చోబెట్టింది. తర్వాత వరసగా మూడు చుక్కలున్న గొల్లకావడిని చూపించి, దాని పక్కన తెల్లగా మెరిసే పెద్ద చుక్క నుంచి పడమటికి, చెయ్యి చాచి జానెడు కొలవమంది.

"కెన్ సీ లా, కనబడుతోంది" అన్నాడు తమ్ముడు వెంటనే.

నాకు చీకటి తప్ప ఏమీ లేదు. అయినా "నాక్కూడా" అన్నాను.

"ఏ రంగులో ఉందే?" అని అడిగింది అక్క.

"ఆరెంజ్."

అక్క నవ్వింది. "నాకు ఎప్పుడు చూసినా తెల్లగానే ఉంటుంది. నీకు ఆ రంగు ఎక్కడ దొరికిందే?"

అంత మసక చుక్కలో రంగు పట్టడం ఉత్త కంటికి చేతకాదట. నాకు ఏడుపొచ్చి కళ్ల సంగతంతా చెప్పేశాను. అక్క కోప్పడలేదు. "కనబడకపోతే ఇంకా కనబడలేదని చెప్పు. అప్పుడే కదా ఎలా చూడాలో నేను చెప్పగలిగేది" అంది. నేరుగా చూడొద్దు, కొంచెం పక్కకు చూడమంది. మసక వెలుగును కంటి అంచే బాగా పడుతుందట. చూశాను. చూపు అంచున నూకగింజంత వెలుగు. సూటిగా చూస్తే మాయం, పక్కకు తిప్పితే మళ్లీ అక్కడే.

"అక్కా, నాకూ ఇంకా కనబడలేదు" అన్నాడు తమ్ముడు, నెమ్మదిగా.

చివర్లో బైనాక్యులర్స్ ఇచ్చింది. అందులో ఆ గింజ నిజంగానే లేత నారింజ.

కళ్లజోడు ఇప్పటికీ ఉంది, చూపూ ఉంది. కానీ ఆ రోజు నుంచి నేను దాచుకున్నది 'ఇంకా' అనే ఆ చిన్న మాట. పోయిన నెల నాకు పాప పుట్టాక, పాలు బాగా తాగుతోందా అని క్లినిక్‌లో నర్సు అడిగింది. మూడు రోజులుగా నిద్రలేని భయం. అందరికీ చెప్పినట్టే ఔనని చెప్పబోయి ఆగాను. "ఇంకా కుదరలేదు" అన్నాను.

ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని, పాప తలను నా మోచేతి మీద కాస్త పక్కకు తిప్పింది.

పాప గుటక వేసింది.