అందరి వాకిలి

గుడివాడలో నేను ఓవర్సీరుగా పనిచేస్తున్న రోజుల్లో, కొందరు పంతుళ్లూ గుమాస్తాలూ కలిసి ఊరి చివర పొలం కొని ఇళ్ల సొసైటీ పెట్టుకున్నారు. అద్దె వాటాల్లో విసిగిపోయిన మేమూ అందులో చేరాం. ప్లాను గీసే పని నాకప్పగించారు. ఖర్చు కలిసొస్తుందని చిన్న చిన్న పెంకుటిళ్లు వరసగా, ఒకదాని వెనక ఒకటి గీశాను.

"కాగితం మీద చూస్తే ఇల్లెలా ఉంటుందో ఏం తెలుస్తుందండీ? నేల మీద గియ్యండి" అంది నా భార్య.

ఒక ఆదివారం, కోతలైన ఆ పొలంలో అసలు కొలతలతో సున్నం గీతలు పోయించాను. అందరూ కుటుంబాలతో వచ్చి ఆ గీతల మధ్య తిరిగారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పే టీచరమ్మగారు, చర్చి నుంచి నేరుగా వచ్చి, తన వంటింట్లో నిలబడి చూశారు.

"ఇక్కణ్ణుంచి నాకు ముందింటి వెనక గోడే కదండీ కనపడేది? పిల్లలెక్కడ ఆడుతున్నారో ఎలా తెలుస్తుంది?"

గట్టు మీద కూర్చుని అందరం మాట్లాడుకున్నాం. ఇళ్లను ఎదురెదురుగా తిప్పి, ఒక్కొక్కరి స్థలంలోంచి కాస్త తీసి, నడుమ ఉమ్మడి వాకిలి వదలాలన్నాం. వంటింటి కిటికీలు అటే ఉంటాయి. కోర్టు గుమాస్తాగారు మాత్రం ఒప్పుకోలేదు.

"ఇన్నాళ్లకి సొంత జాగా అంటూ కొనుక్కున్నాను. అందులో కూడా కోత పెడితే ఎలాగండీ?"

నడవలేని తల్లిని కూడా ఆయన ఆ రోజు రిక్షాలో తీసుకొచ్చారు. ఆవిడ రిక్షాలో నుంచే నన్ను పిలిచింది.

"ఆ వాకిలి వైపు నా మంచం పడుతుందా నాయనా? వీళ్లంతా బయటికెళ్తే సాయంత్రం దాకా గోడలు చూస్తూ పడుంటున్నాను."

గుమాస్తాగారు తల్లి వైపు ఒకసారి చూసి, నా దగ్గరికొచ్చారు. "అమ్మకి ఆ వాకిలి వైపు వసారా కాస్త వెడల్పుగా పెట్టండి" అన్నారు.

మరుసటి ఏడు ఇళ్లలో చేరాం. మొదటి వానకే వాకిలి మోకాళ్లలోతు బురదైంది. మగవాళ్లం ఇటుక ముక్కలు పరిచాం, ఆడవాళ్లు పైన ఇసుక పోశారు. ఆ పని మధ్యలో అందరం కలిసి తినడంతో ఒకరి వంట ఒకరికి తెలిసింది. కొన్నాళ్లకి టీచరమ్మగారి చిన్నమ్మాయి, పెద్దావిడ మంచం మీద కూర్చునే ఎక్కాలు అప్పజెప్పేది.

ఆ క్రిస్మస్‌కి కాగితపు నక్షత్రం ఎక్కడ కట్టాలా అని టీచరమ్మగారు చుట్టూ చూస్తున్నారు. గుమాస్తాగారు నిచ్చెన పట్టుకొచ్చి, "మా వసారాకి కట్టండి, అన్ని ఇళ్లకీ కనపడుతుంది" అన్నారు.